నా పేరు తప్పుగా రాయడం నేర్చుకున్నాను

2022 ఫిబ్రవరి 27 రాత్రి నేను సర్పంచ్‌గా గెలిచానని చెప్పారు. మార్చి 14 సాయంత్రందాకా ఊళ్ళో ఎవరికీ మిఠాయి పంచలేదు. ఎందుకో చెప్పాలంటే అక్షరాల దగ్గర మొదలుపెట్టాలి. ఆంధ్రా గీతకి ఇవతల, ఒడిశాలో ఉండిపోయిన మనవాళ్ళలో వచ్చేసారి ఎవరైనా సర్పంచ్‌కి నిలబడదామనుకుంటే పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది గంజాం జిల్లా. బరంపురానికి దక్షిణాన, సముద్రం పక్కన వేట ఊరు. మేం వాడబలిజలం, ఒడియావాళ్ళు నోలియాలంటారు. నా పుట్టిల్లు ఆంధ్రాలో ఉద్దానం, కవిటి దగ్గర. పొద్దున్న బయల్దేరితే అన్నం వేళకి అమ్మ దగ్గరుంటాను. అంత దగ్గరే గాని, నా పదో తరగతి తెలుగు మీడియం సర్టిఫికెట్ ఇక్కడ బీరువాలో పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యింది. మావయ్యగారి నాన్న ఆ రోజు కూడా వేటకే వెళ్ళి ఉంటారు. తిరిగి ఒడ్డుకొచ్చేసరికి ఊరు ఒడిశాలో ఉంది.

మా పంచాయతీలో మూడు ఊళ్ళు. రెండు ఒడియా ఊళ్ళు, మాది ఒక్కటే తెలుగు. మా ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతాం, సంతలో ఒడియా మాట్లాడతాం. నాకూ పదమూడేళ్ళ కాపురంలో బేరమాడేంత ఒడియా వచ్చింది. చేప ధర చెప్పగలను, తిట్టగలను కూడా. చదవడం మాత్రం రాదు. బస్సు బోర్డు చదవలేక రంగు చూసి ఎక్కేదాన్ని.

ఇది నాకు మొదట గుచ్చుకున్నది 2020 మే నెలలో. ఆ ఏప్రిల్ 19న ముఖ్యమంత్రి సర్పంచులకి వాళ్ళ పంచాయతీ వరకు కలెక్టరు అధికారాలు ఇచ్చారు. బయటినుంచి వచ్చినవాళ్ళని ఊళ్ళోకి పంపకుండా ముందు స్కూల్లో ఉంచాలి. గంజాం వాళ్ళు సూరత్ నుంచి రైళ్ళ మీద వచ్చేస్తున్నారు, మా కుర్రాళ్ళు చెన్నై నుంచి. మా మహిళా సంఘానికి వంట అప్పగించారు. ఒక రాత్రి పదకొండుమంది దిగారు. పేర్లు రాసే మనిషి లేడు, నేనే రాశాను. గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా, తెలుగులో. పొద్దున్న వచ్చినాయన ఆ కాగితం తిరగేసి చూసి, "ఇదేంటి, జిలేబీలా?" అని పక్కన పడేశాడు. క్వారంటైన్ పూర్తి చేసినవాళ్ళకి ప్రభుత్వం రెండు వేలు ఇస్తానంది గదా, ఆ జాబితా కోసం అడిగాడు. ఒడియాలో మళ్ళీ రాయించేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అన్నం వండాను గాని ఎవరి మొహం చూడలేకపోయాను. ఒడియా అక్షరం ఏమైనా సూదిలా ఉంటుందా? అదీ జిలేబీయే.

2021 దసరా వెళ్ళాక ఎన్నికల కబురు గట్టిగా మొదలైంది. మా పంచాయతీ సర్పంచ్ సీటు మహిళలకని వచ్చింది, కులం రిజర్వేషన్ లేకుండా. ఇది నా అదృష్టం. కులం రిజర్వేషన్ కూడా వచ్చుంటే నా కథ అక్కడే అయిపోయేది. ఆంధ్రాలో పుట్టినదాన్ని గనక నా కుల సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదన్నారు. కోడళ్ళుగా వచ్చినవాళ్ళు ముందు ఇది కనుక్కోండి.

నిజానికి ఊరి పెద్దలు అనుకున్నది నన్ను కాదు, మా తోటికోడల్ని. తను ఇక్కడి పిల్లే, ఒడియాలో పదో తరగతి దాకా చదివింది, నోరున్న మనిషి. అన్నీ సరిపోయాయి గాని పిల్లలు ముగ్గురు. ఇద్దరు దాటితే ఇక్కడ పంచాయతీకి నిలబడనివ్వరు. ఆ సంగతి ఊరి మీటింగులో ఎవరో గుర్తు చేసేసరికి అందరూ మా మరిది వంక చూశారు. ఆయన తల దించుకున్నాడు. ఆ తర్వాత అందరి చూపూ నా మీదికి తిరిగింది. నాకు ఇద్దరే. సర్పంచ్‌కి నిలబడాలంటే ఒడియా చదవడం, రాయడం రావాలి. అదే లేదు నాకు.

"రెండు నెలల్లో ఏటి నేర్సుకుంటాది?" అన్నారొకరు. మావయ్య అప్పటిదాకా మాట్లాడలేదు. "నేర్సుకుంటాది. నాను సూసుకుంటాను," అని లేచి వెళ్ళిపోయారు.

మావయ్య మా కులపెద్ద. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర ఒడ్డు దాటినప్పుడు, దుర్గాష్టమి రోజది, ఊరంతటినీ రెండు రోజుల ముందే తుపాను షెల్టర్‌కి తోలిన మనిషి. పడవ వదిలి రానన్న ఓ ముసలాయన్ని భుజాన వేసుకుని మోసుకొచ్చారు. ఆయన నాలుగు తిట్లు తిడుతుంటే ఈయన ఎనిమిది తిట్టారట. మా ఊరినుంచి ఒక్క ప్రాణం పోలేదు. అంతటి మనిషి ఎప్పుడూ ఎన్నికలకి ఎందుకు నిలబడలేదో నేను అడగలేదు. ఆ రాత్రి ఆయనే చెప్పారు. 1997లో నామినేషన్‌కి వెళ్ళారు. ఒక కాగితం ఇచ్చి చదవమన్నారు. చదవలేకపోయారు. ఇంటికొచ్చి, కాగితాలు సరిపోలేదు, మళ్ళీసారి చూద్దాం అని చెప్పారు. అత్తకి కూడా అదే చెప్పారు. ఇరవై నాలుగేళ్ళు ఆ మాట మీదే ఉన్నారు. నాతో చెప్పి, "మీ అత్తతో అనకు," అన్నారు. ఇప్పుడు రాయొచ్చా అని అడిగితే ఒప్పుకున్నారు.

నవంబరు 19, కార్తీక పున్నమి రోజు మొదలుపెట్టాను. ముందు మా అమ్మాయి నేర్పుతానంది, అయిదో తరగతి. మూడు రోజులు నేర్పింది. నాలుగో రోజు, "నీకు బుర్ర లేదమ్మా, నాకు హోంవర్కుంది," అని పలక నా ఒళ్ళో పడేసి పోయింది. దాని తప్పేమీ లేదు. నేను పదే పదే ఒకే తప్పు చేస్తున్నాను. ఒడియా 'ఠ' అచ్చం మన సున్నాలా ఉంటుంది. కళ్ళు సున్నా అని చదివేస్తాయి, నోరు మూసుకుపోతుంది.

మా ఆశా వర్కరు దీదీ పక్క ఒడియా ఊరి మనిషి. నన్ను అసలు నిలబెట్టింది ఆవిడే. వాచకం వద్దంది. "నువ్వు పద్యాలు చదవాలా? నీకు కావలసింది ఫారాలు," అని తన సంచిలో ఉన్న కాగితాలన్నీ పరిచింది. టీకాల రిజిస్టరు, పింఛను దరఖాస్తు, రేషన్ జాబితా, పాత పల్లీసభ, అంటే ఊరి సభ, నోటీసు. రోజూ మధ్యాహ్నం రెండింటినుంచి నాలుగింటి దాకా. డబ్బు తీసుకోలేదు. ఎండు రొయ్యలు మాత్రం వద్దనలేదు.

చదవడం నెలలో దారికొచ్చింది. తెలుగు వచ్చినవాళ్ళకి ఒడియా మరీ కొండేమీ కాదు. మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, వరస కూడా అదే, క ఖ గ ఘ. అడ్డం పడేవి కొన్నే. ఏత్వం అక్షరానికి ముందు రాస్తారు. చెయ్యి అలవాటు కొద్దీ ముందు 'క' రాసేస్తుంది, తర్వాత గుర్తొస్తుంది, అప్పటికి చోటుండదు. ఓత్వమైతే అక్షరానికి అటొక ముక్క, ఇటొక ముక్క. ఎ, ఏ తేడా లేదు, ఒ, ఓ తేడా లేదు. అంకెల్లో ఆరూ ఏడూ కవలపిల్లలు. జంటాక్షరాలు చూస్తే మాత్రం ఇప్పటికీ భయమే. రెండక్షరాలు కలిసి మూడో మొహం పెట్టుకుంటాయి.

డిసెంబరు మొదట్లో జవాద్ తుపాను హెచ్చరిక వచ్చింది. పడవలన్నీ పైకి లాగారు. మగవాళ్ళంతా ఇంటి పట్టున, మా ఆయన కూడా. మూడో తేదీ సాయంత్రం పంచాయతీ నుంచి ఒక నోటీసు తెచ్చి గోడకి అంటించారు. మా ఆయన ఎవరినో పిలవబోయాడు చదవడానికి. నేను వెళ్ళి చదివాను. నత్తి నత్తిగా, రెండు చోట్ల ఆగి. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో, ఏం వెంట తెచ్చుకోవాలో. తుపాను బలహీనపడి పోయింది. మా ఆయన మాత్రం వారం రోజులు కనబడినవాళ్ళకల్లా అదే చెప్పాడు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. ఓటర్ల జాబితాలో నా పేరు చూసుకోమంది దీదీ. చూస్తే అది నా పేరు కాదు. నా పేరు చివర 'మ్మ' ఉంది. జాబితాలో ఒత్తు పోయి 'మా' అయింది. నడుమనున్న ద్విత్వం ఒంటరిదయిపోయింది. నేను నెల రోజులుగా ఒత్తులన్నీ పెట్టి, దిద్ది దిద్ది నేర్చుకున్న పేరు ఎక్కడా లేదు. దిద్దించుకుందామా అంటే వకీలు వద్దన్నారు. "ఇప్పుడు ఫారం 8 పెడితే అది తేలేసరికి నామినేషన్లు అయిపోతాయి. జాబితాలో ఎలా ఉంటే అలాగే రాయండి, అలాగే సంతకం పెట్టండి. ఆధార్‌లో వేరేలా ఉంటే ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్ చేయిద్దాం." అలా నా పేరు తప్పుగా రాయడం నేర్చుకున్నాను. ఒప్పు మరిచిపోవడం కష్టం. రెండు నోటు పుస్తకాలయ్యాయి.

జనవరి 11న నోటిఫికేషన్ వచ్చింది. ఆ రోజునుంచి దీదీ మా ఇంటి గుమ్మం తొక్కలేదు. తనమీద మాట రాకూడదని. దారిలో ఎదురుపడితే తల ఊపి పోయేది.

నామినేషన్లు 17 నుంచి 21 దాకా. సంక్రాంతి పిండివంటలు ఇంకా డబ్బాల్లోనే ఉన్నాయి. నేను 19న వేశాను. ఫారం నింపడానికి గంట, గుమాస్తా తప్పులు చూపించి మళ్ళీ నింపించడానికి ఇంకో గంట. అఫిడవిట్లు రెండింటికీ కలిపి నోటరీకి వెయ్యి. ఫోటోలు, జెరాక్సులు, బరంపురానికి మూడుసార్లు రానూ పోనూ అంతా కలిపి మరో రెండు వేల పైన. మీరు వెళ్తే ప్రతి కాగితానికీ నాలుగు కాపీలు ముందే తీసి ఉంచుకోండి. ఆ వారం జెరాక్స్ షాపులో క్యూ రేషన్ షాపుని మించి ఉంటుంది.

22 శనివారం పరిశీలన. మేం నలుగురం పోటీ. ఒకావిడ తరఫు మనిషి లేచి అన్నాడు, ఈమెకి ఒడియా రాదు, ఆంధ్రా మనిషి అని. ఎదురుచూసిందే. అయినా కాళ్ళు చల్లబడ్డాయి. మావయ్య బయట వేపచెట్టు కింద ఉన్నారు. ఆయన్ని చూడకూడదనుకున్నాను, చూశాను.

అధికారి పెద్దాయన, విసుగు లేని మనిషి. నేను ఫారాలన్నీ నోటికి పట్టుకుని వెళ్ళాను. ఆయన ఫారం ఇవ్వలేదు. గోడ మీద కరోనా పోస్టరు చూపించి, "పఢంతు," అన్నాడు. చేతులు ఎలా కడుక్కోవాలో, మాస్కు ఎలా వేసుకోవాలో. నేను రెండేళ్ళుగా బొమ్మలు మాత్రమే చూసిన పోస్టరు. మొదటి రెండు పంక్తులు చదివాను. మూడో దాంట్లో ఒక జంటాక్షరం దగ్గర ఆగిపోయాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆగిన చోటు వదిలేసి ముందుకి వెళ్ళి, వాక్యమంతా అర్థమయ్యాక వెనక్కొచ్చి దాన్ని చదివాను. 'స్వాస్థ్య'. ఆరోగ్యం. దీదీ రిజిస్టరు అట్ట మీద రోజూ చూసిన మాటే.

"లేఖంతు," అని కాగితం ఇచ్చాడు. పేరు, భర్త పేరు, ఊరు, ఎందుకు నిలబడుతున్నారో రెండు వాక్యాలు. పేరు దగ్గర నా చెయ్యి ఒత్తు పెట్టబోయింది. ఆపుకున్నాను. రెండు వాక్యాల్లో ఒకటి తాగునీళ్ళ గురించి, ఒకటి సముద్రం ఒడ్డుని కోసేస్తోందని. ఆయన చదివి, ఒక ఏత్వం ఎర్ర పెన్నుతో దిద్ది, "ఠిక్ అఛి," అన్నాడు. ఆ 'ఠ' వినగానే ఎందుకో నవ్వొచ్చింది.

బయటికొచ్చి మావయ్యతో అయిందని చెప్పాను. ఆయన పంచె దులుపుకుని, "టీ తాగుదాం," అన్నారు.

25న ఉపసంహరణ. ఒకావిడ తప్పుకుంది. ముగ్గురం మిగిలాం.

ప్రచారం గురించి ఎక్కువ చెప్పను. కరోనా మూలంగా ఊరేగింపులు, సభలు లేవు. ఇంటింటికీ అయిదుగురికి మించి వెళ్ళకూడదు. మాలాంటి డబ్బులేనివాళ్ళకి అదే మేలయ్యింది. కరపత్రం తెలుగుది ఇచ్ఛాపురంలో, ఒడియాది బరంపురంలో వేయించాం. గాజులు నలభై వేలకి తాకట్టు పెట్టాం. మొత్తం అరవై రెండు వేలు ఖర్చయ్యింది, అందులో టీలు, బిస్కెట్లే పదకొండు వేలు.

ఒడియా ఊళ్ళలో మొదటి రోజు నేను మాట్లాడుతుంటే ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను నేర్చుకున్నదంతా ఫారాల ఒడియా గదా. ఇంటికెళ్ళి ఓటెయ్యమని అడిగితే ప్రభుత్వం నోటీసు ఇచ్చినట్టుంది అన్నారు. ఒకామె నా చేతికి మరమరాలిచ్చి, "చేపలమ్మినప్పుడు మాట్లాడేదానివే, అలా మాట్లాడు," అంది. అప్పటినుంచి అలాగే మాట్లాడాను. పోటీలో ఉన్నావిడ మనుషులు, వీళ్ళు గెలిస్తే నీళ్ళన్నీ తెలుగు ఊరికే పోతాయని చెప్పారు. మా ఊళ్ళోనేమో, ఒడియా ఇళ్ళకే ఎక్కువ తిరుగుతోందని సణుగుడు. రెండూ విన్నాను.

ఫిబ్రవరి 16 నుంచి 24 దాకా రోజు విడిచి రోజు అయిదు విడతల్లో పోలింగు. మా వంతు రోజున పొద్దున్న ఏడింటినుంచి ఒంటిగంట దాకా. పేపరు బ్యాలెట్టే. వార్డు మెంబరుకి, సర్పంచ్‌కి, సమితి మెంబరుకి, జిల్లా పరిషత్‌కి నాలుగు కాగితాలు. వేటకి పోయినవాళ్ళు ఒంటిగంటకి ముందు ఒడ్డుకి రావాలి. రాత్రే వెళ్ళి తెల్లారి తిరిగిరమ్మని మావయ్య ఒడ్డున నిలబడి ఒక్కొక్క పడవకీ చెప్పారు. రెండు పడవలు ఆలస్యమయ్యాయి. పన్నెండు ఓట్లు పోయాయి.

లెక్కింపు బ్లాకులో, 26నుంచి మూడు రోజులు. మా పంచాయతీ రెండో రోజు చీకటి పడ్డాక వచ్చింది. అరవై మూడు ఓట్ల తేడాతో గెలిచాను. మా ఊరి ఓట్లు మాత్రమే అయితే గెలిచేదాన్ని కాదు, లెక్క చూస్తే తెలుస్తుంది.

అక్కడే, మెట్ల మీద, ఓడిపోయినావిడ తరఫు మనిషి వేలు చూపించి అన్నాడు: "కోర్టులో చదివిస్తాం." వకీలుకి ఫోన్ చేశాను. ఎన్నిక మీద పిటిషన్ వెయ్యడానికి ఫలితం వచ్చాక 15 రోజులు గడువుందని, ఒడియా రాదని తేలి సర్పంచ్‌లు పదవి పోగొట్టుకున్న కేసులు ఉన్నాయని చెప్పారు. జడ్జి ముందు చదివించవచ్చు, రాయించవచ్చు.

ఆ 15 రోజులు ఎన్నికలకంటే కష్టంగా గడిచాయి. గెలిచినదాన్ని, ఇంట్లో కూచుని దిద్దుకుంటున్నాను. దీదీ మళ్ళీ రావడం మొదలుపెట్టింది. ఈసారి వార్తాపత్రిక తెచ్చేది, జడ్జి ఏమిస్తాడో తెలియదు గదా అని. అన్నం సయించేది కాదు. వీధిలో మోటారుసైకిల్ ఆగితే సమన్లేమో అనిపించేది. మా అబ్బాయి "మిఠాయి ఎప్పుడు?" అని రోజూ అడిగేవాడు. 14 సోమవారం, కోర్టు వేళ అయ్యాక వకీలు ఫోన్ చేశారు. ఎవరూ ఏమీ వెయ్యలేదు. రెండు కిలోల లడ్డూ తెప్పించాం. మావయ్య ఒకటి తిని ఇంకోటి అడిగారు. చక్కెర ఉందని అత్త ఇవ్వలేదు.

మర్నాడు 15. అప్పట్లో ఇక్కడ నెలనెలా 15న పంచాయతీలో ప్రభుత్వం మధుబాబు పింఛను ఇచ్చేవారు. 2022లో అది అయిదు వందలు, ఎనభై దాటినవాళ్ళకి ఏడు వందలు. నాకు అక్కడ ఇంకా ఏ పనీ లేదు, ఊరికే వెళ్ళాను. మా ముసలమ్మలు ఓ ఇరవైమంది గోడ నీడన కూచున్నారు. లోపల జాబితా చూసి పేర్లు పిలుస్తున్నారు. "ఏలమా." ఎవరూ లేవలేదు. "పోలమా." ఎవరూ లేవలేదు. "కోణ్డమా." పిలిచిన ఆయన పేరు పక్కన గుర్తు పెట్టి తర్వాతి పేరుకి వెళ్ళిపోయాడు. ప్రతి నెలా ఇంతేనట. అందరిదీ అయ్యాక మిగిలినవాళ్ళని కార్డు చూసి లోపలికి పిలుస్తారు, మధ్యాహ్నం రెండవుతుంది.

జాబితా ఇమ్మని అడిగాను. అన్నీ ఒత్తులు పోయిన పేర్లే. నేను రెండు నోటు పుస్తకాలు నింపిన తప్పులే అవి. గుమ్మంలో నిలబడి ఎల్లమ్మా, పోలమ్మా, కొండమ్మా అని పిలిచాను. ముగ్గురూ ఒక్కసారే లేచారు.

ఎల్లమ్మత్త డబ్బు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది.

"ఓలమ్మ, ఆ ఏలమా నానేటే? ఎవత్తో ఒడియా మనిసి, పిలిస్తే పలకదేటని ఇన్నాళ్ళూ దాన్నే తిట్టుకుంటన్నాను."

మెట్లు దిగుతూ మళ్ళీ వెనక్కి తిరిగింది.

"మరి నీ పేరేటని రాసారు?"

చెప్పాను. పళ్ళు లేని నోటితో రెండుసార్లు పలికి చూసుకుని, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.